22 కిలోమీటర్లకు నాలుగు రోజులు పెట్టుకోండి

యాభై దాటిన దంపతులం, సైకిల్ తొక్కి ఏళ్లయింది, వైన్ అలవాటు లేదు, ఫ్రాన్స్ ద్రాక్షతోటల మధ్య సైకిల్ మీద తిరగగలమా, బోర్డో మేలా బర్గండీ మేలా అని అడిగారు. హాయిగా తిరగగలరు. నన్నడిగితే బర్గండీకే వెళ్లండి. నేనూ మావారూ జూన్ నెలలో వెళ్లొచ్చాం. అప్పటికి నాకు 53, ఆయనకు 58. అంతకుముందు నేను సైకిల్ తొక్కింది ఇంటర్ చదివే రోజుల్లోనే.

పారిస్ నుంచి దిజోన్ దాకా టీజీవీ రైలు, అక్కడ మారితే అరగంటలోపు బోన్. ఆ చిన్న ఊళ్లోనే గది తీసుకుని సామాను అక్కడే వదిలేశాం. బోన్ నుంచి సాంతనే వరకు తోటల మధ్యగా 22 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. పొమ్మార్, వొల్నే, ముర్సో ఊళ్ల మీదుగా పోతుంది. వయసులో ఉన్నవాళ్లు ఒక్క పూటలో తొక్కేస్తారు. మేమూ మొదటిరోజు అలాగే బయల్దేరాం. వొల్నే ఎత్తు ఎక్కేసరికి నా మోకాలు పట్టేసింది. దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్తుంటే అప్పుడు కంటపడింది తోట. అక్కడే అనుకున్నాం, ఇక రోజుకు రెండు ఊళ్లు చాలని.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబెషాహీ ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లం కదా, తలెత్తి చూడటమే మనకు అలవాటు. ఇక్కడ వంగి చూడాలి. మొక్కలు కురచగా ఉంటాయి, వరుసకీ వరుసకీ మధ్య దాదాపు మీటరే ఎడం. హెక్టారుకు పదివేల మొక్కల దాకా పడతాయట. అందుకే వాళ్ల ట్రాక్టర్లు పొడుగు కాళ్లతో ఉండి వరుసను కాళ్ల మధ్య ఉంచుకుని నడుస్తాయి. అవి ఎదురొస్తే మీరే పక్కకు తప్పుకోండి, ఆ బాట ముందు రైతులది. మొదలు దగ్గర చూస్తే నేలకు కాస్త పైన ముడిలాంటి ఉబ్బు కనిపిస్తుంది. అది అంటు కట్టిన చోటు. 19వ శతాబ్దం చివర్లో ఫిల్లాక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి ఫ్రాన్స్ తోటలను నాశనం చేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ల మీద తమ తీగలను అంటుకట్టి బతికించుకున్నారు. మేం వెళ్లినప్పుడు పూత మీద ఉంది. ఆవగింజంత పూలు, దగ్గరికి వెళ్తే లేత వాసన.

ఇక తోటల చుట్టూ ఉండే రాతిగోడలు. ఒక్కో పొలం చెక్కకూ ఒక్కో పేరుంటుంది, దాన్ని వాళ్లు 'క్లిమా' అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మోంరాషే అనే తోట అంతా కలిపి 8 హెక్టార్లే. అది రెండు ఊళ్ల పొలిమేరలో పడింది. 1879లో ప్యులిన్యీ, షసాన్య్ రెండూ ఆ తోట పేరును ఇంటిపేరులా తమ పేరు పక్కన తగిలించుకున్నాయి. ఆ గోడ పక్కన సైకిళ్లు ఆపి గంటసేపు కూర్చున్నాం. బాటకు అటొక తోట, ఇటొక తోట. ద్రాక్ష అదే రకం, వైన్ ధరలో మాత్రం ఎక్కడికక్కడ తేడా.

ఒక పూట సైకిల్ పక్కన పెట్టి బోన్‌లోని ఓతెల్ ద్యూ చూడండి. 1443లో బర్గండీ డ్యూక్ మంత్రి నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ కలిసి పేదల కోసం కట్టించిన ఆసుపత్రి ఇది. రంగురంగుల పెంకుల కప్పునే అందరూ ఫొటో తీస్తారు. నన్ను కదిలించింది లోపలి హాలు. రెండు వైపులా ఎర్ర తెరల మంచాలు, చివర ప్రార్థనా మందిరం, రోగి మంచం మీద నుంచే పూజ వినేలా. దాతలు ఇచ్చిన తోటల వైన్‌ను 1859 నుంచి నవంబరులో వేలం వేస్తున్నారు, ఆ డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది. మన దగ్గర గుడికి మాన్యం రాసిచ్చినట్టు ఇక్కడ ఆసుపత్రికి తోటలు రాశారు.

బ్యాటరీ సైకిలే తీసుకోండి, ఎత్తుల దగ్గర టెన్షన్ ఉండదు. మధ్యాహ్నం రెండు దాటితే వంటగదులు మూసేస్తారు. ఆదివారం ముర్సోలో మాకు రొట్టె ముక్క కూడా దొరకలేదు, ముందురోజే కొని పెట్టుకోండి. మాంసం తినకపోతే గుజేర్ అనే చీజ్ బోండాలాంటిది ఉంటుంది, కాకపోతే అందులో గుడ్డు వేస్తారు. రుచి చూడమని వైన్ ఇస్తే వద్దనడంలో తప్పేం లేదు, ఎవరూ నొచ్చుకోలేదు. మీవారు తాగితే మాత్రం గుర్తుంచుకోండి, అక్కడ సైకిల్‌కి కూడా డ్రంకెన్ డ్రైవ్ నిబంధన ఉంది.

సాంతనే నుంచి వెనక్కి అదే దారిలో రావద్దు. కాలువగట్టు వెంట షాన్యీ దాకా చదునైన బాట ఉంది, అక్కడి నుంచి సైకిళ్లతో సహా లోకల్ రైలెక్కి బోన్ చేరుకోవచ్చు.