రాయబారిలో ‘రాయ’ ఎవరు, ‘భారం’ ఏది?

సందేహం: 1970లో మావో భారత రాయబారిని చూసి నవ్వాడని ఒక వ్యాసంలో చదివాను. ఇంకోచోట 1961 నుంచి 1976 దాకా చైనాలో మనకు రాయబారే లేడని ఉంది. ఏది నిజం? రాయబారి, దూత, దౌత్యవేత్త, హైకమిషనర్ అన్నీ ఒకటేనా? ‘బారి’ అన్నది దర్బారులో ఉన్న ‘బారు’ అని మా మిత్రుడి వాదన. స్త్రీ అయితే ‘రాయబారిణి’ అనాలా?

సమాధానం: మీ మిత్రుడి మాట ముందు తేలుద్దాం, మిగతా జవాబు అందులోంచే వస్తుంది. దర్బారు పారసీ మాట, దానికీ దీనికీ చుట్టరికం లేదు. రాజ ‘రాయ’ అయింది, భారం ‘బారం’ అయింది, అంతే. తద్భవాల్లో ఒత్తు ఊడిపోవడం మనకు మామూలే. నమ్మకం కుదరకపోతే పక్కనున్న కన్నడం చూడండి, వాళ్లు ఇవాళ్టికీ ‘రాయభారి’ అనే రాస్తారు. మనం వదిలేసిన భకారం వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. రాజుగారి భారం మోసేవాడు రాయబారి. భారం అంటే ఇక్కడ బరువు కాదు. ‘పిల్ల పెళ్లి భారం నీదే అన్నయ్యా’ అంటామే, ఆ భారం.

అయితే ఆ భారం ఎంత? దీనికి కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఎప్పుడో లెక్క తేల్చాడు. పూర్తి అధికారం ఉన్నవాడు నిసృష్టార్థుడు, ఇంతవరకే మాట్లాడు అని గిరిగీసి పంపినవాడు పరిమితార్థుడు, ఇచ్చిన మాట మోసుకుపోయి అప్పజెప్పేవాడు శాసనహరుడు. ఈ పేర్లు బట్టీ పడితే వారం కూడా గుర్తుండవు. తిక్కన ఉద్యోగపర్వం చదవండి, ఇక మరిచిపోలేరు. శకుని కొడుకు ఉలూకుడు వస్తాడు, దుర్యోధనుడు నింపి పంపిన ఎత్తిపొడుపులన్నీ పాండవుల ముందు కుమ్మరించి పోతాడు, అందులో అతని సొంత మాట ఒక్కటీ లేదు. అతను శాసనహరుడు. అంతకుముందే సంజయుడు పాండవులున్న ఉపప్లావ్యానికి వచ్చి వెళ్లాడు. ఎంత మంచివాడు, ఎంత తెలిసినవాడు! కానీ ధృతరాష్ట్రుడు శాంతి గురించి మాట్లాడమన్నాడు గానీ రాజ్యం ఇస్తానని చెప్పమనలేదు, కాబట్టి సంజయుడు ఎంత తియ్యగా మాట్లాడినా ధర్మరాజు చేతిలో ఏమీ పెట్టలేకపోయాడు. ఆయన పరిమితార్థుడు.

ఇక కృష్ణుడు. నాటకాల్లో పద్యాలు విని విని అందరం కౌరవ సభ దగ్గరే ఆగిపోతాం. నాకు అంతకంటే ఇష్టమైన చోటు తిరుగు ప్రయాణం. సభ చెడింది, సంధి పొసగలేదు, ఆయన హస్తినాపురం వదిలి వస్తూ కర్ణుణ్ణి తన రథం మీద ఎక్కించుకుంటాడు. నువ్వు కుంతి కొడుకువి, పాండవులకు అన్నవి, రా, రాజ్యం నీది అంటాడు. ఈ మాట చెప్పమని పాండవులు ఆయనకు చెప్పలేదు, చెప్పలేరు కూడా, కర్ణుడు తమ అన్న అని వాళ్లకే తెలియదు. అయినా పంపినవాళ్ల మేలు కోసం వాళ్ల రాజ్యాన్నే ఇంకొకరికి ఇవ్వజూపాడు. నిసృష్టార్థుడంటే అదీ! తెలుగులో రాయబారం అన్న మాటకు అంత బరువు వచ్చింది ఆయన వల్లనే.

ఇప్పుడు చైనా సంగతి. కమ్యూనిస్టు చైనాతో మన దౌత్య సంబంధాలు 1950 ఏప్రిల్ 1న మొదలయ్యాయి, అక్కడ మన మొదటి రాయబారి కె.ఎం. పణిక్కర్. ఆ అక్టోబర్ 2 అర్ధరాత్రి, పడుకున్నవాణ్ణి లేపి చైనా ప్రధాని చౌ ఎన్ లై దగ్గరికి రమ్మన్నారు. అమెరికా సేనలు కొరియాలో 38వ అక్షాంశం దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుంది, ఇదీ కబురు. పణిక్కర్ ఢిల్లీకి చేరవేశారు, ఢిల్లీ దాన్ని అమెరికాకు అందేలా పంపింది, వాషింగ్టన్ నమ్మలేదు, ఆ నెలలోనే చైనా సేన కొరియాలోకి దిగింది. హోదాకు నిసృష్టార్థుడే అయినా ఆ రాత్రి ఆయన చేసింది శాసనహరుడి పని. పెద్ద రాయబారులకు కూడా ఒక్కోసారి అదే పెద్ద పని అవుతుంది.

1961లో జి. పార్థసారథి వచ్చేశాక 1976లో కె.ఆర్. నారాయణన్ వెళ్లేదాకా అక్కడ మనకు రాయబారి లేడన్నది నిజం. 1970 మే డే నాడు బీజింగ్‌లో తియానన్మెన్ ద్వారం మీద వరసలో నిలబడిన బ్రజేష్ మిశ్రా చెయ్యి పట్టుకుని, ఇలా ఎన్నాళ్లు పోట్లాడుకుంటాం అన్న ధోరణిలో మావో మాట్లాడిందీ నిజమే. మిశ్రా అప్పుడు రాయబారి కాదు, ఛార్జ్ డి అఫేర్. మీరు చదివిన వ్యాసకర్త ఈ తేడా పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది. దేశాధినేత ఇంకో దేశాధినేతకు రాసిన అధికార పత్రం పట్టుకెళ్లేవాడు రాయబారి. ఛార్జ్ డి అఫేర్ వ్యవహారం విదేశాంగ మంత్రుల స్థాయిలోనే ఆగుతుంది, దౌత్య సంబంధాల మీద కుదిరిన 1961 వియన్నా ఒప్పందం ఈ సంగతి విడమరచి చెప్పింది. అంటే భారం ఉంది గానీ ‘రాయ’ లేడు.

పత్రికలు దీన్ని ‘తాత్కాలిక రాయబారి’ అంటే నాకు మనసొప్పదు. పదిహేనేళ్లు సాగినది తాత్కాలికం ఎలా అవుతుంది? ఆ ఫ్రెంచి మాటకు అక్షరాలా అర్థం ‘వ్యవహారాల భారం అప్పగించబడినవాడు’ అనే. మన రాయబారిలో ఉన్న భారమే అందులోనూ ఉంది చూడండి! అందుకే ‘కార్యభారి’ అంటే చక్కగా అతుకుతుందని నా అభిప్రాయం. వాడుకలోకి రాని మాట గనుక ఇదే రాయండని శాసించను, కనీసం రాయబారి అని మాత్రం రాయకండి.

పేరు మారితే చరిత్రే మారిపోతుంది. 1077లో చోళ రాజ్యం నుంచి 72 మంది బృందం చైనా సోంగ్ చక్రవర్తి దగ్గరికి వెళ్లింది. అప్పటి చోళరాజు కులోత్తుంగుడు ఎవరో కాదు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడి కొడుకు. ప్రతిగా 81,800 దండల రాగి నాణేలు దక్కాయి (చైనా నాణేనికి నడుమ చిల్లు ఉంటుంది, తాడుకు గుచ్చుతారు). మన చూపులో అది రాయబారం, వ్యాపారం. చైనా వాళ్లు మాత్రం కప్పం తెచ్చారని రాసుకున్నారు.

మిగతావి క్లుప్తంగా. దూత ఏ కబురు తెచ్చినవాడైనా కావచ్చు. దౌత్యవేత్త అంటే ఆ వృత్తిలో ఉన్నవాడు, రాయబారి కానక్కర్లేదు. కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారినే హైకమిషనర్ అంటారు. సబ్బులకూ నగల దుకాణాలకూ ‘ప్రచార రాయబారి’ అని రాస్తున్నారు, కృష్ణుడు మోసిన మాట అది, దయచేసి మానండి, ప్రచారకర్త చాలు. ‘రాయబారిణి’ కూడా అక్కర్లేదు. నిరుపమా రావు కొలంబోలో హైకమిషనర్‌గా చేసి 2006లో బీజింగ్ వెళ్లారు, అక్కడ ఆమె రాయబారే.