కెమెరా ముందు కూర్చున్న మనిషి: పాఠకుల ప్రశ్నలకు ఒక ఫోటోగ్రాఫరు జవాబులు

మనుషుల ఫోటోలు తీయడంలో ఎదురయ్యే సందేహాలను పంపమని కోరగా వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. 32 ఏళ్లుగా ఒక చిన్న పట్టణంలో స్టూడియో నడుపుతున్న అనుభవమే వీటికి ఆధారం.

మా నాన్నగారికి 78 ఏళ్లు. ఇంట్లో అందరినీ నవ్విస్తూ ఉంటారు గానీ కెమెరా ఎత్తగానే కొయ్యబారిపోతారు. ఆయన మామూలుగా ఉన్న ఫోటో ఒక్కటీ మా దగ్గర లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, మీ నాన్నగారు బిగుసుకుపోవడాన్ని బెదురు అనుకోకండి. అది ఆయన నేర్చుకున్న మర్యాద. ఆయన చిన్నతనంలో ఫోటో అంటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పట్నం వెళ్లి, రంగుల తెర ముందు నిలబడి, ఫోటోగ్రాఫరు "కదలొద్దు" అన్నంతసేపూ ఊపిరి బిగబట్టే వ్యవహారం. ఆ మాటకు పాత కారణమే ఉంది. 1839లో డాగెర్ అనే ఫ్రెంచి ఆయన ఫోటో తీసే పద్ధతి లోకానికి వెల్లడైన కొత్తలో ఒక్క చిత్రం పడడానికి నిమిషాల కొద్దీ సమయం పట్టేది కనుక, కూర్చున్నవారి తల కదలకుండా వెనుక నుంచి ఇనుప ఊతం పెట్టేవారు. తరువాత ఫిలిం వేగం పెరిగి ఆ ఊతం మాయమైంది గానీ, "కదలొద్దు" అనే మాట మాత్రం మా వంటి చిన్న స్టూడియోలలో చాలాకాలం మిగిలిపోయింది.

కాబట్టి ఆయన కోరుకునే ఆ నిటారు ఫోటోను ముందు శ్రద్ధగా తీయండి. దాన్ని తీసి చూపించాక ఆయనకు తన బాధ్యత తీరినట్టు అనిపిస్తుంది. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. మనిషి మొహం కంటే ముందు చేతులు బిగుసుకుంటాయని, చేతులకు తెలిసిన పని దొరికితే మొహం దానంతట అదే తెరుచుకుంటుందని నా అనుభవం. ఒకసారి మంగళగిరి నుంచి ఒక చేనేత పెద్దాయన వచ్చారు. చేతులను మోకాళ్ల మీద పెడతారు, తీస్తారు, కట్టుకుంటారు, మళ్లీ మోకాళ్ల మీదికే తెస్తారు. ఇరవై ఫోటోలు తీసినా ఒక్కదానిలోనూ ఆయన కనిపించలేదు. చివరికి గుండీలు కుట్టడానికి సొరుగులో ఉంచుకున్న దారం తీసి, మధ్యకు తెంపి, పడుగులో పోగు తెగితే ఎలా అతుకుతారో చూపించమని అడిగాను. ఆయన రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, ఒక్క మెలితో కలిపేసి, నేను చూశానో లేదో తెలుసుకోవడానికి తల ఎత్తారు. అతుకు ఎక్కడుందో నాకు కనపడలేదు గానీ, నాకు కావలసిన చూపు కనపడింది. ఆ ఒక్క ఫోటోనే ఆయన కుటుంబం పెద్దది చేయించుకుంది. మీ నాన్నగారి చేతికి కండువా ఇస్తారో, పేపరు ఇస్తారో, తమలపాకుల పళ్లెం ఇస్తారో మీకే బాగా తెలుస్తుంది.

మా అక్కది చామనఛాయ. సంబంధాల కోసం ఫోటో తీయిస్తే ఆమెను గుర్తుపట్టలేనంత తెల్లగా చేసి ఇచ్చారు. ఉన్న రంగు ఉన్నట్టుగా అందంగా రావడం సాధ్యం కాదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

నిస్సందేహంగా సాధ్యమే. రంగు మార్చడం చాలాచోట్ల అలవాటుగా జరిగిపోతోంది, అది నాకు ఎంతో బాధ కలిగించే విషయం. మీ అక్క పట్ల అది అన్యాయం. రేపు ఆ ఫోటో చూసి ఇంటికి వచ్చేవారి ముందు ఆమెను తలవంచుకునేలా చేయడం కూడా.

ఇందులో యంత్రం పాత్ర కొంత ఉంది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తనకు కనిపించే దృశ్యమంతటినీ సగటున ఒక మధ్యస్థమైన బూడిద రంగుగా లెక్కగడుతుంది. తెల్లగోడ ముందు చామనఛాయ మనిషిని నిలబెడితే, అది గోడను చూసి వెలుతురు ఎక్కువైందని భ్రమపడి మొహాన్ని నల్లబరుస్తుంది. అప్పుడు స్టూడియోవారు కంప్యూటరులో మొహాన్ని బలవంతంగా వెలిగిస్తారు. దానితో చర్మంలోని జీవం పోతుంది. ఒకప్పుడు ఫిలిం కంపెనీలు రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం పాటు తెల్లజాతి స్త్రీ మొహమే ఉండేది, అంటే మన రంగులు మొదటి నుంచీ ఆ లెక్కలో లేవు. మీరు ఫోటో తీయించేటప్పుడు మూడు కోరండి: వెనుక తెర ముదురు రంగులోనో మట్టి రంగులోనో ఉండాలి, వెలుతురు కొలతను ఆమె మొహం దగ్గరే తీసుకోవాలి, నేరుగా ఫ్లాష్ కొట్టకుండా కిటికీ పక్కన కూర్చోబెట్టి రెండో వైపు ఒక థర్మోకోల్ అట్ట నిలబెట్టాలి. చామనఛాయ చర్మం మీద పక్క వెలుతురు చెంప ఎముక వెంట సన్నగా మెరుస్తూ జారుతుంది. ఆ మెరుపు కోసం నేను గంటలకొద్దీ కిటికీ తెరలు సర్దిన రోజులున్నాయి.

దిద్దుబాటు విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజులలో ఒక అవ్వ ఫోటో తీసి, మొహం మీద మచ్చలన్నీ శుభ్రం చేశాను. ఫోటో చేతికిచ్చినప్పుడు ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గడ్డం దగ్గర వేలు ఆనించి, "మా అమ్మ పొడిపించింది నాయనా, చుక్కలేవి?" అని అడిగింది. అవి పచ్చబొట్టు చుక్కలు, మూడు. వాటిని నేను మచ్చలనుకుని చెరిపేశాను. ఆ సాయంత్రమే మళ్లీ ప్రింటు వేసి ఇచ్చాను గానీ, ఆమె వేలు ఆగిన చోటు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. వారం రోజుల్లో మానిపోయే మొటిమను తీసేస్తాను. జీవితాంతం మనిషితో ఉండేదాన్ని ఆ మనిషి అడిగితే తప్ప ముట్టుకోను.

రెండేళ్ల మనవడు స్టూడియోలో అడుగు పెట్టగానే ఏడుస్తున్నాడు.
– ఒక పాఠకుడు, విజయనగరం

నిద్ర లేచి, కడుపు నిండిన తరువాత తీసుకువెళ్లండి. చుట్టూ నలుగురు చేరి చప్పట్లు కొట్టి పిలవడం మాన్పించండి. ఫోటోగ్రాఫరు నేల మీద కూర్చుని, మొదటి పది నిమిషాలు కెమెరా ఎత్తకుండా ఉండగలిగితే, బాబు తానే వచ్చి లెన్సు మూత కోసం చెయ్యి చాస్తాడు.

చర్చిల్ నోటిలోని చుట్టను లాగేసి, ఆయన కోపంగా చూసిన క్షణంలో తీసిన ఫోటో గొప్పదంటారు. మనమూ అలా ఉడికించి తీయవచ్చా? మా ఊరి స్త్రీలు కెమెరా చూస్తే మొహం తిప్పేసుకుంటున్నారు, వారికి తెలియకుండా తీస్తే తప్పా?
– ఒక ఫోటోగ్రఫీ విద్యార్థిని, హైదరాబాద్

మీరు చెప్పిన ఫోటోను యూసుఫ్ కార్ష్ 1941 డిసెంబరు 30న ఒట్టావాలోని కెనడా పార్లమెంటులో తీశారు. అది గొప్ప చిత్రమే. అయితే అక్కడ కూర్చున్నవాడు ఒక దేశ ప్రధాని. ఆయనకు ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోగల మనిషి, చిత్రకారుణ్ణి బయటికి పంపగల మనిషి. మీ ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకునే స్త్రీకి ఆ బలం లేదు. మొహం తిప్పుకోవడమే ఆమె చెప్పగలిగిన జవాబు, ఆ జవాబును మీరు వినాలి. తెలియకుండా తీయవద్దు.

మీ నగరంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదాను తీయమని అడగకుండా, పరదా అవసరం లేని గదిని కట్టించి ఇచ్చారన్నమాట. మీరు స్వయంగా స్త్రీ. రెండు మూడు రోజులు కెమెరా లేకుండా వెళ్లి వాళ్లతో కూర్చోండి. అడిగి తీసిన ప్రతి ఫోటోకూ ఒక ప్రింటు వేసి చేతికివ్వండి. ఒకరింట గోడకెక్కిన ఫోటోయే రెండో ఇంటి తలుపు తెరుస్తుంది.

అమ్మ వయసు 74. నా దగ్గరున్న కొత్త ఫోటో ఆమె వీసా ఫోటో ఒక్కటే. వచ్చే నెల ఇంటికి వస్తున్నాను, మంచి ఫోటో తీయిద్దామంటే "పోయేకాలానికి ఫోటోలెందుకు" అంటోంది.
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

అయ్యా, ఆ వీసా ఫోటోలను నేను రోజూ తీస్తాను. రెండంగుళాల చదరం, తెల్లని నేపథ్యం, మామూలు మొహం. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు కూడా పెట్టుకోకూడదు. ముప్ఫై ఏళ్లుగా అద్దాలు తీయని మనిషి అవి తీసి కూర్చుంటే ఇంట్లోవాళ్లకే కొత్తగా కనిపిస్తుంది. తల్లి పోయిన మూడో రోజున అదే ఫోటో పట్టుకుని వచ్చి, "దీనికి కళ్లద్దాలు పెట్టి ఇస్తారా" అని అడిగిన కొడుకులు నా దగ్గర ఒకరు కాదు. పెట్టి ఇస్తాను, కానీ ఆ అద్దాల వెనుక ఉన్నవి ఆమె చూసే కళ్లు కావు.

కొందరు పెద్దవాళ్లు తామే వస్తారు. ఒకాయన ఒంటరిగా, తెల్ల లాల్చీలో వచ్చి, "గోడకు పెట్టే ఫోటో కావాలి, పిల్లలకు వెతుకులాట ఉండకూడదు" అన్నారు. నవ్వాలా వద్దా అని నన్ను అడిగారు. పొద్దున్నే మీ ఇంట్లో మిమ్మల్ని మొదట చూసేది ఎవరని నేను తిరిగి అడిగాను. మనవరాలని చెప్పి, కాసేపు ఆ పిల్ల సంగతులే మాట్లాడారు. మాట్లాడుతూ ఉండగా తీశాను. అద్దాల మీద లైటు మెరుస్తుంటే, వాటి కాడలను చెవుల మీద కాస్త పైకి జరిపి అద్దాలు కిందికి వాలేలా చేశాను. ఆ చిట్కా ఇంట్లో మీకూ పనికివస్తుంది. ఫ్రేము కట్టించుకుని, గోడకు తగిలించే కొక్కెం కూడా అప్పుడే బిగించమన్నారు.

మీ అమ్మగారితో వాదించకండి. స్టూడియోకు రమ్మనవద్దు. ఆమె రోజూ కాఫీ తాగే చోట, రోజూ కట్టుకునే చీరలో, అద్దాలతోనే, ఉదయం వెలుతురులో మీరే ఫోనుతో తీయండి. "నాతో అక్కడికి తీసుకుపోవడానికి" అని చెప్పండి. అది నిజం కూడా. తీసినదాన్ని ఫోనులోనే ఉంచేయకుండా ప్రింటు వేయించి, వెనుక తేదీ రాసి, ఒక కాపీ ఆమె చేతికిచ్చి రండి.