ఐదో తరగతి పాపకి ఇవన్నీ ఇప్పుడే చెప్పాలా?

పాప స్కూల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ క్లాసు పెడుతున్నారని, ఇంత చిన్న వయసులో అవన్నీ చెబితే భయపడుతుందేమో అని అడిగారు. తప్పకుండా పంపండి. అంతకంటే ముందు ఇంట్లో మీరే చెప్పండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. మొదట్లో నేనూ ఎనిమిదో తరగతి కౌమార దశ పాఠాన్ని ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అని దాటేసేదాన్ని.

ఒక ఏడాది ఆరో తరగతి పాప సాయంత్రం బెల్లు కొట్టే వేళకి కడుపు నొప్పంటూ వచ్చేది. ఓఆర్‌ఎస్ కలిపిచ్చి బెంచీ మీద పడుకోబెట్టేదాన్ని. ట్యూషన్ ఉన్న రోజుల్లోనే నొప్పి వస్తోందని గమనించడానికి నాకు రెండు వారాలు పట్టింది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది. చివరికి ‘ట్యూషన్ సార్... షేమ్ షేమ్ దగ్గర...’ అని ఆగిపోయింది.

ఆ పిల్లకి తెలిసిన మాట అదొక్కటే. చిన్నప్పుడు బట్టల్లేకుండా పరిగెడితే మనమందరం నేర్పే మాటే. సిగ్గు అని పేరు పెట్టిన చోటు గురించి బిడ్డ నోరు తెరిచి ఎలా చెబుతుంది?

పరువు పోతుంది, సర్దేద్దాం అన్నవాళ్లున్నారు. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోవడమూ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా, చుడీదార్‌లో పాప ఇంటికే వచ్చి, మంచం మీద పక్కనే కూర్చుని అడిగి రాసుకున్నారు. స్టేషన్ మెట్లెక్కాలేమో అని ఆ తల్లి పడ్డ టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

అందుకే, చెయ్యి, మోకాలు అన్నంత మామూలుగా ఆ భాగాల పేర్లూ చెప్పండి. ‘మావయ్యకి ముద్దివ్వు’ అని, పిల్ల మొహం తిప్పుకుంటున్నా బలవంతం చెయ్యకండి. నిజానికి గుడ్, బ్యాడ్ అన్న మాటలు ఒక్కటే సరిపోవు. చాక్లెట్ ఇచ్చి, ముద్దు చేసి మొదలుపెడితే పిల్లకి అది చెడ్డదని తెలియదు. ‘అమ్మకి చెప్పొద్దు’ అని ఎవరన్నా, అది అమ్మకి ముందుగా చెప్పాల్సిన విషయమని నేర్పండి. 2007లో పిల్లలపై వేధింపుల గురించి కేంద్రం 13 రాష్ట్రాల్లో చేయించిన సర్వేలో ఇలా చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లో, నమ్మినవాళ్లో. బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలు. బాబు ఉంటే వాడికీ చెప్పండి.

నెలసరి గురించి కూడా ఇప్పుడే చెప్పండి. మరక చూసి, ఏదో పెద్ద జబ్బనుకుని స్కూలు బాత్రూంలోంచి బయటికి రాని పిల్లని నేను చూశాను.

ఇక భయం సంగతి. మా క్లాసులో మొదటి పది నిమిషాలు నవ్వులే. తర్వాత పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి అట్టపెట్టెలో వేస్తారు. పోయిన నెల వచ్చిన చీటీల్లో ఒకటి: ‘ఇది మా తమ్ముడికి కూడా చెప్పొచ్చా టీచర్?’