ఉచిత భోజనం ఫారం నింపితే బడికి డబ్బొస్తుందా?

ప్రశ్న: 2023లో హెల్త్ అండ్ కేర్ వీసాపై ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం. మావారికి కేర్ హోమ్‌లో ఉద్యోగం. పన్నులు పోను ఏడాదికి 21 వేల పౌండ్ల దాకా చేతికొస్తుంది. నాకు ఉద్యోగం లేదు. పాప ఇయర్ 4, బాబు ఇయర్ 1. ఉచిత భోజనం ఫారం నింపమని స్కూలువాళ్లు అడుగుతున్నారు. బాబుకి ఎలాగూ భోజనం ఉచితమే కదా? పైగా మా వీసాకి ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సంక్షేమ సాయం తీసుకోకూడదనే) షరతు ఉంది. రేపు పొడిగింపుకి అడ్డొస్తుందేమోనని భయం.

జవాబు: నింపండి, ఇద్దరి పేర్లూ రాసి. ఇమిగ్రేషన్ నిబంధనల్లోని పబ్లిక్ ఫండ్స్ జాబితాలో బడి భోజనం లేదు కాబట్టి వీసాకి ఇబ్బంది లేదు.

ఇయర్ 2 దాకా పిల్లలందరికీ భోజనం పెట్టడం 2014 నుంచి ఉంది. ఆ భోజనం తింటున్నంత మాత్రాన బడికి ప్యూపిల్ ప్రీమియం (తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లల చదువు కోసం ప్రభుత్వం బడికిచ్చే అదనపు డబ్బు) రాదు. ఆదాయాన్ని బట్టి అర్హత ఉందని నమోదైతేనే వస్తుంది. 2025-26లో ప్రైమరీలో ఒక్కో బిడ్డకి 1,515 పౌండ్లు, అంటే మీ పిల్లలిద్దరికీ 3,030. ‘వాడికి ఫ్రీయే కదా’ అని ఫారం పక్కన పడేసే ఇళ్ల వల్ల బడులు పోగొట్టుకునేది సరిగ్గా ఈ డబ్బే.

మీలాంటి వీసాలవారికి ఆదాయ పరిమితి వేరు. 2025-26 లెక్కలో లండన్ బయట ఇద్దరు, అంతకు మించి పిల్లలుంటే పన్నులు పోను 26,300 పౌండ్లు, ఒక్కరే అయితే 22,700. పొదుపు 16 వేలు దాటకూడదు. చిక్కల్లా కౌన్సిల్ ఆన్‌లైన్ ఫారంతోనే. అది నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు తీసుకుని ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూస్తుంది. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే సాయం) లాంటివి మీకు ఉండవు కనుక ‘అర్హత లేదు’ అని చూపిస్తుంది. అక్కడితో వదిలేయకండి. వీసా వివరాలు, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని స్కూల్ ఆఫీసుకి వెళ్లి, పబ్లిక్ ఫండ్స్ లేనివారి దరఖాస్తు అని చెప్పి అడగండి. వాళ్లో కౌన్సిలో కాగితాలు చూసి తేలుస్తారు.

అక్టోబర్ మొదటి గురువారం స్కూల్ సెన్సస్ (బడుల్లో పిల్లల లెక్క) ఉంటుంది. ఆ రోజుకి పేరెక్కితే వచ్చే ఏప్రిల్‌తో మొదలయ్యే ఏడాది లెక్కలోకి వస్తారు. ఒకసారి ఎక్కాక, మీ ఆదాయం పెరిగినా ఆరేళ్లపాటు ప్రీమియం వస్తుంది. బడి మారితే మాత్రం కొత్త ఆఫీసుకి మీరే గుర్తుచేయండి, రికార్డు బదిలీలో ఈ వివరం జారిపోవచ్చు.

అమ్మఒడి, తల్లికి వందనంలాగా ఇది తల్లి ఖాతాలో పడే డబ్బు కాదు, బడికే వెళ్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇయర్ 8, ప్యూపిల్ ప్రీమియం ఉంది. వాడి డబ్బు దేనికి ఖర్చుపెట్టారో అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. కానీ ‘మావాడి 1,075 పౌండ్లు ఏవి’ (2025-26లో సెకండరీ రేటు ఇది) అంటే జవాబు రాదు. ఆ పిల్లవాడికే ఖర్చుపెట్టాలన్న నియమం లేదు, అవసరమున్న ఇతర పిల్లలకీ వాడవచ్చు. ఏటా డిసెంబర్ 31లోగా బడి తన వెబ్‌సైట్‌లో ప్యూపిల్ ప్రీమియం స్ట్రాటజీ స్టేట్‌మెంట్ పెట్టాలి. అందులో ఏ పనికి ఎంత అన్నది ఉంటుంది. చివర్లో గత ఏడాది ఫలితాల సమీక్ష ఉంటుంది, ముందు అదే చదవండి. పాత వాక్యాలే మళ్లీ కనిపిస్తే నిలదీయాల్సింది అక్కడే.

తర్వాత ప్రశ్న సూటిగా వేయండి: ‘చిన్న గ్రూపు మ్యాథ్స్ ట్యూషన్ అన్నారు, మావాడు అందులో ఉన్నాడా? లేకపోతే ఏ లెక్కన ఎంచారు?’ గ్రూపులో ఎందరున్నారో కూడా అడగండి. బడుల్లో ఏ పద్ధతి పనిచేస్తుందో పరిశోధించే ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ లెక్కలో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉండే గ్రూపుకి సగటున నాలుగు నెలల అదనపు ప్రగతి కనిపిస్తుంది. పదిమందిని కూర్చోబెడితే అది మామూలు క్లాసే. ట్రిప్పులు, యూనిఫాం, సంగీతం పాఠాలకి కొన్ని బడులు సాయం చేస్తాయి. డబ్బు కట్టకముందే అడగండి.

ప్రశ్న: మేం గ్లాస్గోలో ఉంటాం. మాకూ వర్తిస్తుందా?

జవాబు: లేదు, ప్యూపిల్ ప్రీమియం ఇంగ్లండ్‌ది. స్కాట్లాండ్‌లో ప్యూపిల్ ఈక్విటీ ఫండింగ్, వేల్స్‌లో ప్యూపిల్ డెవలప్‌మెంట్ గ్రాంట్ ఉన్నాయి.