చిట్టీ, ముందు బ్రష్షు పట్టుకో

చిట్టీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "మౌత్‌వాష్‌లో గాజుగుడ్డ ముంచి నోరు తుడిచేస్తే చాలదా పెద్దమ్మా, వెంటిలేటర్ (ఊపిరి అందించే మెషిన్) పేషెంట్‌కి బ్రష్షు కూడా వెయ్యాలా" అన్నావు. వెయ్యాలే. మన ఇళ్ళల్లో పాచినోటితో కాఫీ కూడా ముట్టరు. మత్తులో ఉన్నాడు కదా అని అలాంటి మనిషిని పది రోజులు పాచితోనే ఉంచేస్తామా?

ఇది మర్యాద ఒక్కటే కాదు. నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ ఉన్నవాళ్ళు సరిగ్గా మింగలేరు, దగ్గలేరు. నోరు తెరిచే ఉండటంతో లాలాజలం ఎండిపోతుంది. రెండు మూడు రోజులకల్లా పళ్ళ మీది పాచిలో ఆసుపత్రి క్రిములు కాపురం పెట్టేస్తాయి. ఆ క్రిములు కలిసిన ఊట గొంతులోకి జారి, ట్యూబ్ చుట్టూ గాలి నింపిన బుడగ, అదే కఫ్, దాని పైన మడుగు కడుతుంది. కఫ్ ముడతల సందుల్లోంచి బొట్టు బొట్టుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 48 గంటలు దాటాక వచ్చే వెంటిలేటర్ నిమోనియాకి ఇదొక పెద్ద దారి. జిడ్డు గిన్నె నీళ్ళలో ముంచి తీస్తే వదులుతుందా? పాచీ అంతే, రుద్దాల్సిందే.

మేం నర్సులమూ చాలా ఏళ్ళు క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌నే నమ్ముకున్నాం. గుడ్డతో రెండు తిప్పులు తిప్పి, చార్టులో 'మౌత్ కేర్ చేశాం' అని రాసి సంతకం పెట్టేవాళ్ళం. 2022లో అమెరికా అంటువ్యాధుల సంఘాలు కలిసి ఇచ్చిన సిఫార్సుల్లో, రోజూ పళ్ళు తోమమన్నారు కానీ ఆ మందు మాత్రం వద్దన్నారు. దానివల్ల మరణాలు పెరగొచ్చేమోనన్న అనుమానం ఉందట. ఆ తర్వాత 15 ట్రయల్స్, 10,742 మంది పేషెంట్ల లెక్కలు కలిపి చూసినవాళ్ళకి, బ్రష్షు వేసినచోట నిమోనియా తగ్గినట్టు తేలింది. ఆ మేలు ముఖ్యంగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలోనే కనిపించింది. మీ యూనిట్‌లో డాక్టరుగారు మందు రాస్తే వెయ్యి, కాదనను. బ్రష్షు మాత్రం మానకు.

ఇక చేసే పద్ధతి. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందో లేదో చూడు. కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 సెం.మీ. నీటి పీడనం మధ్య ఉండాలి, మీటర్ పెట్టి చూడు, వేళ్ళతో నొక్కి అంచనా వెయ్యకు. ట్యూబ్ ఎంత లోపలికి ఉందో చెప్పే అంకె పెదవి దగ్గర ఎంత ఉందో చూసి గుర్తుపెట్టుకో, పని అయ్యాక మళ్ళీ అదే అంకె కనిపించాలి. ఒంటిచేత్తో చెయ్యకు. ఒకరు ట్యూబ్ పట్టుకోవాలి, ఒకరు తోమాలి.

ముందు నోరంతా సక్షన్ చెయ్యి, అంటే గొట్టంతో ఊటంతా లాగెయ్యి. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షు తీసుకుని, స్టెరైల్ నీళ్ళతో తడిపి, చిగురు అంచు నుంచి పన్ను మీదికి చిన్నచిన్నగా తిప్పు. పళ్ళ లోపలివైపూ, నాలుకా, బుగ్గల లోపలా వదలొద్దు. పేస్టు వాడితే శనగగింజంత చాలు, నురుగు పూర్తిగా లాగేయాలి. నీళ్ళు గొంతులో పోసి కడగకు, ఆయన పుక్కిలించి ఉమ్మలేడు కదా. తోముతున్నంతసేపూ సక్షన్ పక్కనే నడుస్తుండాలి. రోజుకి రెండుసార్లు బ్రష్షు, మధ్యలో రెండు నాలుగు గంటలకోసారి నోరు తడపడం. పెదవులకి నీటితో కలిసే జెల్ రాయి. నిమ్మరసం గ్లిజరిన్ పుల్లలు ఎక్కడైనా మిగిలుంటే పారెయ్యి, అవి నోటిని ఇంకా ఎండగడతాయి.

టార్చ్ వేసి చూడకుండా బ్రష్షు పెట్టకు. ఇది నాకు తగిలిన దెబ్బ. నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒక ముసలాయన ముందు పన్ను ఊగుతోంది, చూసుకోలేదు. తెల్లారి డ్యూటీకి వచ్చిన సిస్టర్, "ఇక్కడి పన్నేదీ?" అంది. నా కాళ్ళు వణికాయి. దుప్పటి దులిపాం, ఛాతీ ఎక్స్‌రే తీయించాం, చివరికి ట్రేలో పారేయబోతున్న గాజుగుడ్డ మడతలో దొరికింది. అప్పటినుంచీ ఊగే పళ్ళు, కట్టుడు పళ్ళు, గుట్కా గారలు, పుండ్లు అన్నీ ముందే చూసి రాసిపెట్టుకునేదాన్ని. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళకి బ్రష్షు వేసేముందు డాక్టరుని అడుగు. ట్యూబ్ రోజూ ఒకే మూల ఆనుకుని ఉంటే పెదవి కోసుకుపోతుంది. మీ యూనిట్ పద్ధతి ప్రకారం, ఇద్దరు కలిసి, అటు మూలకి మార్చండి.

కొందరు బ్రష్షు పెట్టగానే పళ్ళు బిగబడతారు. నోట్లో వేలు పెట్టావో, వేలు ఉండదు. మత్తులో ఉన్నా వినిపిస్తుందనుకునే మాట్లాడు. "బాబాయ్‌గారూ, పొద్దున్నైంది, పళ్ళు తోముతాను, కాస్త నోరు తెరవండి" అను. అయినా తెరవకపోతే ఆగు, పావుగంట తర్వాత మళ్ళీ వెళ్ళు.

ఆదివారం డ్యూటీ లేకపోతే ఫోన్ చెయ్యి. గోంగూర పచ్చడి సీసా మీ నాన్నతో పంపిస్తున్నాను.

పెద్దమ్మ