రెవిట్ 2024 ఫైల్ 2022లో తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

భీమవరం ఇంజినీరు గారు రెవిట్ (భవనాల త్రీడీ మోడల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) 2024లో పంపిన మోడల్ అమలాపురంలో మీ 2022లో తెరుచుకోవడం లేదన్నారు. తెరుచుకోదండీ. ఆటోక్యాడ్‌లోలా పాత ఫార్మాట్‌లో సేవ్ చేసే వీలు రెవిట్‌లో లేదు.

చూసుకోవడానికైతే ఐఎఫ్‌సీగా (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఉమ్మడి ఫైల్ ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి. దాన్ని మీ ఫైల్‌లో లింక్ చేసుకోవచ్చు. మన బంకమట్టి నేలకు వేసిన పైల్స్ (లోతుగా దించే పునాది స్తంభాలు), వాటి తలలను కలిపే కాంక్రీటు దిమ్మెలు అంటే పైల్ క్యాపులు ఎక్కడున్నాయో కనిపిస్తాయి, కొలతలూ తీసుకోవచ్చు. కానీ క్యాపు మందం మార్చాలంటే అక్కడ కుదరదు.

మార్పులు చేయాలంటే మీరూ 2024 వేసుకోవాల్సిందే. రెండు వెర్షన్లూ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు, టెన్షన్ వద్దు. మీ 2022 ఫైల్‌ను కొత్తదాంట్లో తెరిచే ముందు మాత్రం కాపీ తీసిపెట్టుకోండి. ఒకసారి అక్కడ సేవ్ అయితే వెనక్కి రాదు. రాజోలులో ఒక ఇంటికి ఆ కాపీ లేక మేం ప్లాన్ మొత్తం మళ్లీ గీశాం.