తొలి ఫిరంగుల కాలపు బురుజులు ఎత్తుగా ఎందుకున్నాయి?

ఫిరంగులు వచ్చాక బురుజులు పొట్టిగా, లావుగా మారాయంటారు కదా, మరి 14వ శతాబ్దం చివర్లో తుపాకుల కోసమే కట్టినవి కొన్ని అంత ఎత్తుగా ఎందుకున్నాయని అడిగారు. మీరు విన్నది నిజమే, కాకపోతే అది తర్వాతి కాలం సంగతి.

నేను ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో ఉన్నప్పుడు సాయంత్రం పూట వెన్సమ్ నది వెంబడి నడిచేవాణ్ణి. ఆ దారిలోనే కౌ టవర్ ఉంది. ఊరి రక్షణ కోసం 1398-99లో కట్టించిన గుండ్రటి బురుజు. ఎత్తు సుమారు 15 మీటర్లు, అడుగున గోడ మందం దాదాపు 1.8 మీటర్లు. గోడ మధ్యలో చెకుముకి రాళ్లు నింపి, లోపలా బయటా ఇటుక కట్టారు.

అక్కడ నిలబడి చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది. సరిగ్గా ఆ చోటే నది వంపు తిరుగుతుంది, అవతలి ఒడ్డు దాటగానే నేల గుట్టలా లేస్తుంది. శత్రువు ఆ గుట్టెక్కాడంటే ఊరు మొత్తం వాడి కళ్ల ముందే. అందుకే వీళ్లకూ ఎత్తు కావాల్సి వచ్చింది. పైగా అప్పటి తుపాకులు చిన్నవి. మనుషుల్ని చంపగలవేమో గానీ, ఇంత మందం గోడను పడగొట్టడం వాటి వల్ల అయ్యే పని కాదు. ఎత్తుగా కడితే ముప్పన్న భయం ఇంకా పుట్టలేదు.

లోపలికి వెళ్లనివ్వరు, గేటు ఊచల్లోంచి చూడాలి. అంతస్తులు, కప్పు ఎప్పుడో పోయాయి, దూలాలు దూర్చిన కంతలు మాత్రం వరసగా కనిపిస్తాయి. గోడలకున్న శిలువ ఆకారపు కంతలు బయటికి సన్నగా, లోపలికి వెడల్పుగా ఉంటాయి. కాల్చేవాడు అటూ ఇటూ తిరిగి గురి చూసుకోవడానికన్నమాట. వాటిలోంచి విల్లుతోనూ కొట్టొచ్చు, చేతి తుపాకీతోనూ కాల్చొచ్చు. పెద్ద తుపాకులు పైకప్పు మీద ఉండేవి, అందుకే పిట్టగోడలో ఖాళీలు బాగా వెడల్పుగా వదిలారు. 1549లో రాబర్ట్ కెట్ అనేవాడి వెంట తిరగబడ్డ జనం ఫిరంగులకు దెబ్బతిన్నది కూడా ఆ పిట్టగోడే.

15వ శతాబ్దం నడిచేకొద్దీ ఫిరంగులకు గోడలు కూల్చే బలం వచ్చింది, 1453లో ఒట్టోమన్ తుర్కులు ఫిరంగులతో గోడలు బద్దలుకొట్టి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) నగరాన్ని పట్టుకున్నారు. ఎత్తు బురుజు తేలికైన గురి అయిపోయింది. ఇటలీ వాళ్లు మట్టి నింపిన పొట్టి, కోణాల కొత్తళాలకు (కోటగోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే కట్టడాలకు) మళ్లింది అప్పటి నుంచే. మన గోల్కొండ బయటి కోటగోడ 16వ శతాబ్దపుది, కాబట్టి దాని బురుజులతో కౌ టవర్‌ను పోల్చి లాభం లేదు.

ఇంకాస్త ముందుది చూడాలంటే ఇంగ్లండ్‌లోనే కాంటర్‌బరీ ఊరి పాత కోట ద్వారం వెస్ట్ గేట్‌కు వెళ్లండి. అది 1380 ప్రాంతంలో కట్టింది, తాళం కన్నం ఆకారంలో ఉన్న తుపాకీ కంతలు బయటి నుంచే కనిపిస్తాయి.